తోటలో గది పూర్తికాకముందే సాయం పట్టినవాళ్లకు భోజనం పెట్టొచ్చా?

కందుకూరు దగ్గర మామిడి తోటలో 20 బై 12 అడుగుల రేకుల గది సొంతంగా కట్టుకున్నామన్నారు. ప్లాస్టరింగు, గచ్చు, తలుపులు మిగిలాయి. సాయం పట్టిన స్నేహితులు, మేస్త్రీ, వెల్డరు అంతా కలిపి 25 మంది. ఇప్పుడే భోజనం పెట్టొచ్చా, గృహప్రవేశం దాకా ఆగాలా అని అడిగారు.

ఆగొద్దు, ప్లాస్టరింగుకు ముందే పెట్టండి. పెద్దవాళ్లు శాస్త్రం ఎత్తితే ఒక మాట చెప్పండి: ముహూర్త గ్రంథాలు వద్దన్నది తలుపులూ కప్పూ లేని ఇంట్లో చేరడాన్ని, బయట చెట్టు కింద విస్తరి వేయడాన్ని కాదు. తలుపు బిగించి, గచ్చు ఆరాక పాలు పొంగించుకోండి.

ముందే పెట్టమనడానికి అసలు కారణం గోడల్లో ఉంది. గాడి కొట్టి కరెంటు పైపు వేసిన మనిషి, బోరు నుంచి నీళ్ల లైను లాగిన మనిషి ఆ రోజు అక్కడే ఉంటారు. వాళ్లను పక్కన నిలబెట్టుకుని, నేల నుంచి ఎత్తు, మూల నుంచి దూరం తెలిసేట్టు టేపు ఆనించి ప్రతి గోడకూ ఫోటో తీయండి. రేపు అల్మారా కోసం డ్రిల్లు పెట్టేటప్పుడు ఆ ఫోటోలే దిక్కు.

రేకుల పరీక్ష మాత్రం రెండు రోజుల ముందే అయిపోవాలి. మొగురు (కప్పు నడినెత్తి) దగ్గర పైపు పెట్టి 15 నిమిషాలు నీళ్లు వదలండి, ఒకరు లోపల నిలబడి చూడండి. ఎక్కువగా కారేది స్క్రూల దగ్గరే. రబ్బరు వాచరు చితికేంత బిగించినా కారుతుంది, వదులుగా ఉన్నా కారుతుంది. వాచరు రేకుకు అతుక్కుని అంచు చుట్టూ కాస్త ఉబ్బితే సరైన బిగింపు. చూరు వరసలో స్క్రూలు దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. తుపాను గాలి రేకును లేపడం అక్కడే మొదలుపెడుతుంది. తేదీ సంక్రాంతి దాటాక పెట్టుకుంటే మేలు. మన వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, పైగా కార్తీకంలో సగం మంది నీచు ముట్టరు.

ఇక స్థలం. విస్తరి బయటే వేసినా మనవాళ్లు గది చూడ్డానికి చెప్పులు బయట విడిచి లోపలికి వస్తారు, అసలు చిక్కంతా ఇక్కడే. మేకులు, బైండింగు వైరు ముక్కలు కంటికి కనబడతాయి, ఏరేయొచ్చు. రేకుకు స్క్రూలు దించినప్పుడు, పైపు కోసినప్పుడు రాలిన ఇనుప రజను చీపురుకు రాదు, బెడ్డు కాంక్రీటు గరుకులో ఇరుక్కుంటుంది. పాత స్పీకరు అయస్కాంతాన్ని పాలిథీన్ కవరులో చుట్టి నేలకు ఆనించి నెమ్మదిగా లాగండి. రజనంతా కవరుకు మీసాల్లా నిక్కబొడుచుకుని అంటుకుంటుంది. బయటికి తెచ్చి కవరులోంచి అయస్కాంతం తీసేస్తే రాలిపోతుంది. ఇటుకల కుప్పలు, మిగిలిన రేకుల దొంతర కింద పాములు, తేళ్లు చేరతాయి కాబట్టి వాటిని ముందురోజు పగలే కర్రతో కదిపి దూరంగా పేర్చండి. సెప్టిక్ ట్యాంకు గుంత మీద ఉత్త రేకు కప్పి ఊరుకోవద్దు. పిల్లలు ఎక్కితే వంగిపోతుంది. బండలు పరవండి, లేదా చుట్టూ కట్టెలు పాతి తడిక కట్టండి.

భోజనం మధ్యాహ్నానికే పెట్టుకోండి. వ్యవసాయ లైను ఇచ్చేది పగలు 9 గంటలు, అదీ మోటారుకే. రాత్రి లైట్ల కోసం స్టార్టరు నుంచి ఒక ఫేజు తీసి, న్యూట్రల్ బదులు భూమిలో కడ్డీ దించే పద్ధతి పల్లెల్లో ఉంది. ఎంతమాత్రం వద్దు. ఆ కడ్డీ చుట్టూ తడి నేలకు కరెంటు వస్తుంది, మనుషులూ గొడ్లూ పోతారు. చీకటి పడుతుందనుకుంటే చార్జింగు లైట్లు చాలు. ఇంటి కనెక్షను ఉంటే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతట అదే ఆపేసే స్విచ్చు) తర్వాత నుంచే వైరు లాగి, టెస్ట్ బటన్ నొక్కితే అది పడుతోందో లేదో చూసుకోండి.

వంట గదిలో వద్దు. గ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. ఆ మూలనే థిన్నరు డబ్బాలు, వార్నీషు ఉంటాయి. అందుకే చేపల పులుసు ముందురోజు సాయంత్రం ఇంట్లోనే కాచి తేవడం మంచిది, ఎటూ మర్నాటికే దాని రుచి. 25 మందికి మనిషికి రెండు ముక్కల చొప్పున బొచ్చె గానీ శీలావతి గానీ 6 కిలోలు తీసుకుంటే శుభ్రం చేశాక 4 కిలోల పైన మిగులుతుంది. చింతపండు 300 గ్రాములు, పుల్లమామిడికాయలు నాలుగు, ఉల్లిపాయలు కిలో, టమాటాలు అరకిలో, నూనె అరలీటరు, కారం సుమారు 120 గ్రాములు. మెంతులు, ఆవాలు వేయించి కొట్టిన పొడి చివర్లో వేయాలి. ముక్కలు పడ్డాక గరిటె పెట్టకూడదు, గిన్నె చెవులు పట్టి తిప్పాలి. అల్యూమినియం గిన్నెలో పులుపు కాస్తే లోహపు రుచి వస్తుంది, మట్టి చట్టి గానీ స్టీలు గానీ వాడండి. పొద్దున్నే ఒకసారి సన్నసెగ మీద మరగనిచ్చి, తోట దారి గతుకులకు ఒలకకుండా ముప్పాతిక వరకే నింపి మూతకు గుడ్డ కట్టండి. బియ్యం 4 కిలోలు. మొలగొలుకులు (నెల్లూరు వైపు పేరున్న బియ్యం రకం) దొరికితే మరీ మంచిది. అన్నం మాత్రం అక్కడే బయట పొయ్యి మీద వండుకోవచ్చు.

మేస్త్రీ, కూలీల బాకీ ముందురోజే తీర్చేయండి. భోజనం కూలికి బదులు కాదు. మేస్త్రీకి పంచె, తువ్వాలు తాంబూలంలో పెట్టి ఇచ్చి, మొదటి విస్తరి వాళ్లకే వేయండి.

ఆ రోజు పనులు మాత్రం పెట్టుకోవద్దు. తిన్నాక ఎవరో ఒకరు "ఎట్లాగూ అందరం ఉన్నాం గదా, ఆ రేకుల స్క్రూలు కూడా బిగించేద్దాం" అంటారు. మందు కూడా తెచ్చుకునే బ్యాచ్ అయితే ఇది తప్పదు. పొద్దున్నే నిచ్చెన పడుకోబెట్టి చెట్టుకు గొలుసు వేసి తాళం పెట్టండి, కటింగు మిషను ఇంట్లోనే వదిలేసి రండి.