బేస్‌బాల్ పిల్లలకు ఏ ఎత్తులు నేర్పాలి?

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అండర్-14 జట్టు బాధ్యత నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. సెలక్షన్లు దగ్గర పడ్డాయి, పక్క బడి పిల్లలు ఫోనులో చూసి ఏవేవో మాయలు నేర్చుకుంటున్నారు, మన పిల్లలకూ నేర్పమని తల్లిదండ్రులు పట్టుబడుతున్నారు, ఏం చేయమంటారు సార్ అని రాశావు. నేర్పమనే అంటాను. అయితే ఏది నేర్పాలి, ఏది నేర్పకూడదన్నది ముందు నీ మనసులో తేలాలి. నువ్వు తేల్చుకోకుండా మైదానంలోకి దిగితే పిల్లలే తేల్చుకుంటారు. వాళ్ల లెక్కలో గెలిపించిందల్లా మంచి ఎత్తే.

అసలు ఈ ఆటే ఎదుటివాణ్ని ఏమార్చే ఆట. బ్యాటర్‌కు బంతి విసిరే పిచ్చర్ వేగంగా విసిరే ఊపుతోనే నెమ్మది బంతి వేస్తాడు. బేస్ నుంచి బేస్‌కు పరుగెత్తే రన్నర్ తనకేమీ పట్టనట్టు నిలబడి, పిచ్చర్ చూపు మరలగానే రెండో బేస్‌కు ఉరుకుతాడు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఎడమవైపు ఒరిగినట్టే ఒరిగి కుడివైపు తాకి వస్తే మనం చప్పట్లు కొడతాం కదా, ఇదీ అంతే. ఎదుటివాడు కన్నేసి ఉంటే తప్పించుకోగలడు. ఏమరుపాటుగా ఉంటే నష్టపోతాడు, నేర్చుకుంటాడు.

నేను గీసుకున్న గీత ఒక్కటే. ఎదుటి పిల్లవాడి కంటినీ కాలినీ బుద్ధినీ పరీక్షించే ఎత్తు ఏదైనా సరే నేర్పు. వాడి మంచితనాన్ని, పెద్దల మీద, అంపైర్ మీద వాడికున్న నమ్మకాన్ని ఎరగా పెట్టే ఎత్తు ఒక్కటి కూడా నేర్పవద్దు.

తిరుపతిలోనే ఒక పోటీలో కళ్లారా చూసింది చెబుతాను. మూడో బేస్ మీద పన్నెండేళ్ల పిల్లవాడు నిలబడి ఉన్నాడు. "తమ్ముడూ, బేస్ మీద మట్టి పేరుకుంది, కొంచెం కాలు తియ్యి, దులుపుతాను" అన్నాడు ఆ బేస్‌ను కాచే అవతలి జట్టు బేస్‌మన్. వీడు కాలు తీయడమే కాకుండా, వంగి తనూ చేత్తో మట్టి తుడవబోయాడు. అంతే, గ్లవ్‌లో దాచిన బంతి వాడి భుజానికి తగిలింది. బేస్ మీద కాలు లేని రన్నర్‌ను బంతితో తాకితే ఔటే. ఆట ఆగలేదు కనుక అంపైర్ ఔట్ ఇచ్చాడు. అవతలి కోచ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పిల్లవాడు చేతికంటిన మట్టిని నిక్కరుకు రుద్దుకుంటూ బెంచీ దగ్గరికి వెళ్లాడు. ఆ తర్వాత ఆ పూటంతా అవతలి జట్టువాళ్లు పలకరిస్తే ముఖం తిప్పుకున్నాడు. ఆ ఔట్ వల్ల వాడికి బేస్‌బాల్ గురించి తెలిసిందేమిటి? సాయం అడిగినవాణ్ని నమ్మకూడదని. ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు నేర్పవలసిన పాఠమా అది?

నువ్వు ప్రత్యేకంగా అడిగిన బంతి దాచే ఎత్తు సంగతికి వస్తాను. నిబంధనలు దాన్ని నిషేధించలేదు, కానీ కట్టడి చేశాయి. బంతి చేతిలో లేకుండా పిచ్చర్ తన ప్లేట్ (తాను నిలబడి విసిరే పలక) మీద గానీ దానికి అటూ ఇటూ కాళ్లు వేసి గానీ నిలబడితే అది బాక్, అంటే పిచ్చర్ తప్పు అవుతుంది, రన్నర్లందరికీ ఒక్కో బేస్ దక్కుతుంది. అంపైర్ టైమ్ ఇచ్చి, అంటే ఆట ఆపి ఉంటే ఆ ఎత్తు పారనే పారదు. బంతి ఎక్కడుందో చూసుకోకుండా బేస్ వదలడం రన్నర్ తప్పే కాబట్టి, నోరు మెదపకుండా దాచి ఔట్ చేస్తే నాకు అభ్యంతరం లేదు. మాట సాయంతో బేస్ దింపితే మాత్రం అది అబద్ధం. ముందు మన పిల్లలకు దీని నుంచి తప్పించుకోవడం నేర్పు: పిచ్చర్ చేతిలో బంతి కనబడేదాకా బేస్ మీది కాలు కదపకూడదు.

నిబంధనల పుస్తకాన్ని శ్రద్ధగా చదివితే నేను చెప్పే గీత అందులోనే కనిపిస్తుంది. పిచ్చర్ చేత బాక్ చేయించాలని ఆట నడుస్తుండగా "టైమ్" అని అరిచినవాణ్ని అంపైర్ మైదానం నుంచి పంపేస్తాడు. అమెరికా హైస్కూల్ నిబంధనల్లో బంతి లేకుండా ఉత్త గ్లవ్‌తో ట్యాగ్ చేస్తున్నట్టు (తాకి ఔట్ చేస్తున్నట్టు) నటించడం రన్నర్‌ను అడ్డుకోవడం కిందికే వస్తుంది. అది నమ్మి రన్నర్ అవసరం లేని చోట నేల మీద జారితే చీలమండలు విరుగుతాయి మరి. ఇన్‌ఫీల్డ్ ఫ్లై నిబంధన పుట్టిందే ఇందుకు. ఒకటి, రెండు బేస్‌ల మీద రన్నర్లు ఉండగా, ఇద్దరు ఔట్ కాకముందు, గాల్లోకి లేచి తేలిగ్గా అందే బంతిని ఫీల్డర్లు కావాలని జారవిడిచి ఇద్దరిని ఔట్ చేసేవారు. బంతి జారవిడిస్తే ఉన్నచోటే ఉన్న రన్నర్‌కు నష్టం, పట్టేస్తే పరుగెత్తిన రన్నర్‌కు నష్టం. రన్నర్ ఎంత అప్రమత్తంగా ఉన్నా దారి లేదు. అందుకే బంతిని పట్టినా పట్టకపోయినా బ్యాటర్ ఔటే అన్నారు.

1982లో అమెరికా కాలేజీ జట్ల పోటీ అయిన కాలేజీ వరల్డ్ సిరీస్‌లో మయామి జట్టు ఆడిన నాటకం వీడియో మీ పిల్లలు చూసే ఉంటారు. పిచ్చర్ ప్లేట్ నుంచి కాలు తీసి మొదటి బేస్‌కు విసిరినట్టు నటిస్తే, బేస్‌మన్ లేని బంతి కోసం దూకాడు, బెంచీ మీదివాళ్లు కూడా బంతి పోయిందని కేకలు పెట్టారు. విచిటా స్టేట్ జట్టు రన్నర్ ఫిల్ స్టీఫెన్‌సన్ రెండో బేస్‌కు పరుగెత్తి ఔటయ్యాడు. బేస్‌లు దొంగిలించడంలో, అంటే చూపు తప్పించి తర్వాతి బేస్‌కు ఉరకడంలో, దేశంలోనే పేరున్నవాడి మీద, ఎదిగిన కుర్రాళ్లు వేసిన ఎత్తు అది. మొన్నే గ్లవ్ తొడుక్కున్న పన్నెండేళ్ల వాడి మీద అదే ప్రయోగించి గెలిస్తే అందులో గొప్పేమీ లేదు.

దెబ్బ తగిలినట్టు నటించి ఆట మందగించగానే పరుగెత్తడం పూర్తిగా మానిపించు. రేపు నిజంగా ఎవరైనా కింద పడితే అవతలివాళ్లు పరుగున రావాలి. బంట్ చేస్తున్నట్టు, అంటే బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా దగ్గరలోనే పడేయబోతున్నట్టు చూపి, నిండు ఊపుతో కొట్టడం కూడా ఈ వయసులో వద్దు. మూడో బేస్ పిల్లవాడు అప్పటికే ముందుకు ఉరికి వస్తుంటాడు, బంతి ముఖానికి తగులుతుంది.

మరి ఏం నేర్పాలి? ఒకటో బేస్, మూడో బేస్ మీద అవతలి జట్టు రన్నర్లు ఉన్నప్పటి ఆట నేర్పు. ఒకటో బేస్‌వాడు రెండో బేస్‌కు పరుగు తీస్తాడు. బ్యాటర్ వెనక బంతి పట్టే మన క్యాచర్ అటు విసరగానే మూడో బేస్‌వాడు హోమ్ ప్లేట్‌కు (పరుగు పూర్తయ్యే చోటికి) రావాలని వాళ్ల ఆలోచన. మన క్యాచర్ రెండో బేస్‌కే విసురుతున్నట్టు నిండు ఊపుతో విసరాలి. సెకండ్ బేస్‌మన్ నాలుగడుగులు ముందుకొచ్చి మధ్యలోనే పట్టి, వెంటనే హోమ్ ప్లేట్‌కు తిప్పి విసరాలి. గుట్టు బయటపెట్టేవి క్యాచర్ కళ్లే. విసిరే ముందు చిన్నపిల్లలు పట్టబోయేవాణ్ని చూస్తారు, రన్నర్ అది కనిపెట్టి ఆగిపోతాడు. చూపు రెండో బేస్ మీదే నిలవాలి. అది కుదిరిన రోజు మూడో బేస్ రన్నర్ సగం దారిలో చిక్కుకుంటాడు, అవతలి కోచ్ కూడా మెచ్చుకుంటాడు.

తల్లిదండ్రుల ముందు నీతిబోధ మొదలుపెట్టవద్దు. ఇదే ఎత్తు మీ అబ్బాయి మీద వేస్తే ఇంటికొచ్చి మీకేం చెబుతాడని అడుగు. చాలామందికి అక్కడే అర్థమవుతుంది. అయినా వినకపోతే వాళ్లను నా దగ్గరికి పంపు, నేను మాట్లాడతాను.

ఈ ఆదివారం ఎండ ముదరకముందే, ఏడింటికల్లా పిల్లలను యూనివర్సిటీ మైదానానికి తీసుకురా. క్యాచర్‌ను, సెకండ్ బేస్‌మన్‌ను ఒక గంట నాకు వదిలిపెట్టు. హోమ్ ప్లేట్ గుర్తుకు సున్నం, నాలుగు పాత బంతులు నేను తెస్తాను. బేస్‌లు మాత్రం నువ్వే తేవాలి.