టెక్ సందేహాలు: ఈబీజీ పెట్టినా గెయిన్ ఎందుకు పెరగలేదు?

ప్రశ్న: ఫోటానిక్ క్రిస్టల్ కాంతికి సంబంధించినదని చదివాను. అది యాంటెన్నాల్లోకి ఎలా వచ్చింది? ఈబీజీ (ఎలక్ట్రోమాగ్నెటిక్ బ్యాండ్ గ్యాప్) అన్నా అదేనా? – డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: రెండింటికీ మూలం ఒక్కటే. ఒక పదార్థంలో రంధ్రాలనో కడ్డీలనో తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం దూరానికొకటి చొప్పున వరుసగా అమర్చితే, ఒక్కో వరుస నుంచి వెనక్కి మళ్లిన తరంగాలు ఒకదానికొకటి తోడై, కొన్ని పౌనఃపున్యాల తరంగాలను లోపలికి వెళ్లనివ్వవు. ఆ నిషిద్ధ పట్టీనే బ్యాండ్ గ్యాప్ అంటారు. 1987లో ఎలీ యాబ్లోనోవిచ్, సజీవ్ జాన్ విడివిడిగా ఈ ఆలోచనను ప్రతిపాదించారు. కాంతి విషయంలో ఈ అమరిక నానోమీటర్లలో ఉండాలి. నెమలి ఈక రంగులకు కారణం అలాంటి అమరికే. మైక్రోవేవ్‌లకైతే మిల్లీమీటర్లు చాలు కనుక డ్రిల్లుతోనే చేసుకోవచ్చు. 1991లో యాబ్లోనోవిచ్ బృందం అలా రంధ్రాలు వేసిన దిమ్మెలోనే పూర్తి బ్యాండ్ గ్యాప్‌ను చూపింది. 1993లో బ్రౌన్, పార్కర్, యాబ్లోనోవిచ్ అటువంటి క్రిస్టల్‌పై సమతల యాంటెన్నాను ఉంచి, మామూలు సబ్‌స్ట్రేట్ (యాంటెన్నా కింద ఉండే ఆధార పలక) తనలోకి లాగేసుకునే శక్తిని క్రిస్టల్ బయటికే పంపగలదని నిరూపించారు.

అయితే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర సగం తరంగదైర్ఘ్యమే 6 సెంటీమీటర్లు. అలాంటి వరుసలు కొన్ని పేర్చేసరికి పరికరం మోయలేనంత పెద్దదవుతుంది. 1999లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డాన్ సీవెన్‌పైపర్ బృందం దీనికి మరో దారి చూపింది. చిన్న లోహపు పలకలను పక్కపక్కన పరిచి, ఒక్కోదాన్ని వయాతో (బోర్డు గుండా నిలువుగా వెళ్లే సన్నని లోహపు తీగ) గ్రౌండ్ ప్లేన్‌కు, అంటే బోర్డు అడుగున ఉండే లోహపు రేకుకు, కలిపారు. పలకల మధ్య సందు కెపాసిటర్‌గా, వయా మీదుగా తిరిగే కరెంటు మార్గం ఇండక్టర్‌గా పనిచేస్తాయి కనుక పలక, వయా కలిసిన ఒక్కో గడి పరిమాణం తరంగదైర్ఘ్యంలో చిన్న భాగానికి తగ్గుతుంది. యాంటెన్నా ఇంజినీర్లు ఈబీజీ అన్నప్పుడు ఎక్కువగా ఉద్దేశించేది ఈ పుట్టగొడుగు ఆకారాన్నే.

ప్రశ్న: 1.6 మి.మీ. ఎఫ్ఆర్4 (మామూలు సర్క్యూట్ బోర్డుల గ్లాస్-ఎపాక్సీ పదార్థం) బోర్డుపై 2.4 గిగాహెర్ట్జ్ ప్యాచ్ (చదునైన లోహపు పలక) యాంటెన్నా వేసి, చుట్టూ ఈబీజీ గడులు పెట్టాను. సిమ్యులేషన్‌లో గెయిన్ (యాంటెన్నా ఒక దిశలో పంపే శక్తి బలం) 0.3 డీబీ మాత్రమే పెరిగింది. పొరపాటు ఎక్కడ జరిగింది? – ఎం.టెక్. విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీ డిజైన్‌లో తప్పు లేకపోవచ్చు, ఈబీజీ అడ్డుకోవలసిన ఉపరితల తరంగాలే (గాలిలోకి వెళ్లకుండా బోర్డు వెంట పాకేవి) మీ బోర్డులో బలహీనంగా ఉన్నాయి. సబ్‌స్ట్రేట్ మందాన్ని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చే విలువ, 0.3ను 2π, డైఎలక్ట్రిక్ స్థిరాంకపు వర్గమూలం అనే రెండింటి లబ్ధంతో భాగించిన విలువను దాటితే ఉపరితల తరంగాలను పట్టించుకోవాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. ఎఫ్ఆర్4 స్థిరాంకం 4.4 అనుకుంటే ఆ హద్దు దాదాపు 0.023, మీ బోర్డు విలువ 0.013 మాత్రమే. అదే బోర్డు 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర 0.031కి చేరుతుంది కనుక అక్కడ ఈబీజీకి పని దొరుకుతుంది. పైగా ఎఫ్ఆర్4 లాస్ టాంజెంట్ (పదార్థం శక్తిని వేడిగా పోగొట్టే మేర) 0.02 వరకు ఉంటుంది. మీ శక్తిలో పెద్ద భాగం బోర్డులోనే వేడిగా మారుతోంది, దాన్ని ఏ ఈబీజీ కూడా వెనక్కి తేలేదు. గెయినే కావాలంటే ముందు సబ్‌స్ట్రేట్ మార్చండి.

ఇంకొక సంగతి. గడులు చేర్చినప్పుడు మీ బోర్డు కూడా పెద్దదై ఉంటుంది. ఈబీజీ లేకుండా అంతే వెడల్పున్న గ్రౌండ్ ప్లేన్‌తో మరోసారి సిమ్యులేట్ చేసి పోల్చండి, ఆ 0.3 డీబీ అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు. ఈ పోలిక లేని ప్రాజెక్టు నివేదికను నేను నమ్మను.

గడి కొలతలనూ సరిచూసుకోండి. ఇండక్టెన్స్ ప్రధానంగా బోర్డు మందం మీద ఆధారపడుతుంది, 1.6 మి.మీ.కి అది సుమారు 2 నానోహెన్రీలు. సందు 0.5 మి.మీ. అయితే 2.4 గిగాహెర్ట్జ్‌కు పలక దాదాపు 27 మి.మీ. ఉండాలి. అంటే నాలుగు గడుల వరుసకే 11 సెంటీమీటర్లు పోతాయి. 5.8 గిగాహెర్ట్జ్‌కు 6 మి.మీ. పలక సరిపోతుంది. ఎఫ్ఆర్4 స్థిరాంకం 4.4 కాక 4.1 అని తేలితే 2.4 దగ్గర అనునాదం సుమారు 70 మెగాహెర్ట్జ్ పైకి జరుగుతుంది; ఇంత మందంలో పట్టీ వెడల్పే 8 శాతం దరిదాపుల్లో ఉంటుంది కనుక ఆ తేడా చిన్నది కాదు.

వయాలు తీసేస్తే తయారీ సులువవుతుందని చాలామంది వాటిని వదిలేస్తారు. వయాలు లేకున్నా ఆ ఉపరితలం తరంగాన్ని అదే ఫేజ్‌లో వెనక్కి పంపగలదు, అందువల్ల దానికి అతి దగ్గరగా డైపోల్‌ను పరచడానికి పనికొస్తుంది. ఉపరితల తరంగాలను ఆపాలన్నా, అరేలో పక్కపక్క యాంటెన్నాల మధ్య కప్లింగ్ (ఒకదాని శక్తి మరోదానిలోకి చేరడం) తగ్గించాలన్నా పుట్టగొడుగు అమరికకు వయాలు తప్పనిసరి. నా సలహా ఏమిటంటే, గెయిన్‌ను వదిలి, 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర రెండు ప్యాచ్‌ల మధ్య వయాలున్న గడులు పెట్టి కప్లింగ్ ఎంత తగ్గిందో చూడండి. ఈబీజీ చేసే అసలు పని అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్న: ఈబీజీ సాంకేతికతతో సిగ్నల్ పెంచి, రేడియేషన్ తగ్గిస్తుందంటూ ఫోన్ వెనుక అంటించే స్టిక్కర్ అమ్ముతున్నారు. కొనవచ్చా? – గృహిణి, విజయవాడ

జవాబు: కొనవద్దు, అమ్మా. శరీరంపై ధరించే యాంటెన్నాల్లో ఈబీజీ పొరను యాంటెన్నాకూ శరీరానికీ మధ్య పెట్టి, శరీరంలోకి వెళ్లే శక్తిని తగ్గించడం నిజమే. ఆ పొరను యాంటెన్నాతో కలిపి, ఒక నిర్దిష్ట పట్టీకోసం రూపొందిస్తారు. మీ ఫోన్ 700 మెగాహెర్ట్జ్ నుంచి 3.5 గిగాహెర్ట్జ్ వరకు అనేక పట్టీల్లో పనిచేస్తుంది. బొటనవేలంత స్టిక్కర్‌లో వాటన్నిటికీ సరిపడే గడులు పట్టవు. అందులో లోహం ఉంటే యాంటెన్నా శ్రుతి తప్పవచ్చు. అప్పుడు టవర్‌ను అందుకోవడానికి ఫోన్ మరింత శక్తితో ప్రసారం చేయవలసి వస్తుంది, అంటే మీరు కోరినదానికి పూర్తి విరుద్ధం. మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి ఫోన్ల ఎస్ఏఆర్ (శరీరం గ్రహించే రేడియో శక్తి కొలత) పరిమితి ఒక గ్రాము కణజాలంపై సగటున కిలోకు 1.6 వాట్లు. చాలా ఫోన్ల డయలర్‌లో *#07# నొక్కితే ఆ ఫోన్ విలువ కనిపిస్తుంది.