పాల గొర్రెలకు పొదుగువాపు టీకా: తేదీల లెక్క తప్పితే ఫలితం ఉండదు

ప్రశ్న: మా దగ్గర 120 పాల గొర్రెలున్నాయి. పోయిన ఈతలో చాలావాటికి పొదుగువాపు వచ్చింది, రెండింటికి పొదుగు ఒక వైపు నల్లబడి ఊడిపోయింది. ఈసారి ఈనకముందే టీకా వేయించాలనుకుంటున్నాం. ఎప్పుడు వేయాలి? ఒక్క డోసు చాలదా?

జవాబు: చాలదండీ. ఇది చంపిన సూక్ష్మజీవులతో చేసిన టీకా. మొదటి డోసుతో శరీరం ఆ క్రిమిని గుర్తుపట్టడం మొదలుపెడుతుంది, రక్షణ గట్టిపడేది రెండో డోసు తర్వాతే. ఐరోపా దేశాల్లో గొర్రెలకు, మేకలకు అనుమతి ఉన్న విమ్కో టీకాను ఈనడానికి 5 వారాల ముందు 2 మి.లీ., మళ్లీ 3 వారాలకు, అంటే ఈనడానికి 2 వారాల ముందు ఇంకో 2 మి.లీ. చొప్పున మెడ కండరంలోకి ఇస్తారు. ప్రతి ఈతకు ముందూ రెండు డోసులూ వేయాల్సిందే. పోయినసారి వేశాం కదా అని ఒకదానితో సరిపెట్టకండి.

గొర్రె చూడి కాలం సగటున 147 రోజులు. కాబట్టి దాటిన రోజు నుంచి 112వ రోజు మొదటి డోసు, 133వ రోజు రెండోది. కాగితం మీద ఇంత తేలికే, మందలోకి వచ్చేసరికే తప్పుతుంది. పొట్టేలును వదిలిన వెంటనే అన్నీ చూడి కట్టవు. ఎద సుమారు 17 రోజులకోసారి వస్తుంది, మొదటిసారి నిలవనివి రెండో విడతలోనో మూడో విడతలోనో కడతాయి. ముందు ఈనేవాటిని చూసి మంద మొత్తానికి ఒకేరోజు సూది వేస్తే వెనక ఈనేవాటికి అది మరీ తొందర. వెనకవాటిని చూసి వేస్తే ముందువి అప్పటికే ఈనేసి ఉంటాయి. అందుకే పొట్టేలు రొమ్ముకు రంగు పూసి, 17 రోజులకోసారి ఆ రంగు మార్చండి. పసుపుతో మొదలుపెట్టి ఎరుపుకు, తర్వాత నీలానికి వెళ్లండి. లేత రంగు మీద ముదురు రంగు పడితేనే కంటికి ఆనుతుంది. గొర్రె నడుము మీద చివరగా పడిన రంగును బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపుకు రెండేసి తేదీలు రాసుకోండి.

మీ మందకు ఒక విడతకు 240 మి.లీ., రెండింటికీ కలిపి 480 మి.లీ. కావాలి. సీసాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉంచాలి. ఫ్రిజ్ వెనక గోడకు ఆనించి పెట్టకండి, గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన సీసాను కరిగించి వేయకుండా పారేయాలి. వేసేముందు మందును 15 నుంచి 25 డిగ్రీల వేడికి రానిచ్చి బాగా కుదపాలి. నూనె కలిసిన మందు కాబట్టి చల్లగా ఉంటే చిక్కబడి సూదిలోంచి సరిగా దిగదు, డోసు తగ్గిపోతుంది. తెరిచిన సీసాను 10 గంటల్లోపు వాడేయాలి.

ఉన్ని తడిగా, మురికిగా ఉన్నప్పుడు సూది గుచ్చితే చీముగడ్డలు లేస్తాయి. వాన వెలిశాక మెడ ఆరేదాకా ఆగండి. నిండు చూడితో ఉన్నవాటిని తరమకుండా, పడేయకుండా ఇరుకు దారిలో నిలబెట్టే వేయాలి. సూది వేసిన చోట వాపు, మొదటిరోజు కొంచెం జ్వరం మామూలే. పొరపాటున మీ వేలికే గుచ్చుకుంటే మాత్రం చిన్న గాయమని వదిలేయకండి. నూనె మందు వేలిలో రక్తప్రసరణను దెబ్బతీస్తుంది. టీకా కాగితం చేత్తో పట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇక ఆ నల్లబడిన పొదుగుల సంగతి. స్టఫైలోకాకస్ ఆరియస్ విడుదల చేసే విషం రక్తనాళాలను దెబ్బతీసి పొదుగును చచ్చుబడేస్తుంది. ఈ టీకా పనిచేసేది ఈ క్రిమి మీదే. కానీ మాన్‌హీమియా హీమోలిటికా అనే ఇంకో క్రిమి వల్ల కూడా పొదుగు అచ్చం అలాగే నల్లబడుతుంది, దాని మీద ఈ టీకా పనిచేయదు. అది గొర్రెపిల్లల నోట్లో, గొంతులో ఉంటుంది. తల్లికి పాలు చాలక పక్క గొర్రెల దగ్గర దొంగపాలు తాగే పిల్లలు దాన్ని ఒక పొదుగు నుంచి ఇంకో పొదుగుకు మోస్తాయి. మీ మందలో ఉన్నది ఏ క్రిమో పాల పరీక్షతో తేల్చుకున్నాకే టీకా కొనండి.

ప్రశ్న: రెండు డోసులూ వేళకే వేశాం. అయినా పాలలో సొమాటిక్ కణాలు (పొదుగుకు జబ్బు సోకితే పాలలో పెరిగే కణాలు) తగ్గలేదు. టీకా పనిచేయనట్టేనా?

జవాబు: అప్పుడే ఆ మాట అనకండి. టీకా కొత్తగా సోకేవాటిని తగ్గిస్తుంది, సోకినా తీవ్రత పెరగకుండా చూస్తుంది. పోయిన ఈత నుంచి పొదుగులో తిష్ఠవేసిన క్రిమిని మాత్రం వెళ్లగొట్టలేదు. ఆరియస్ తన చుట్టూ జిగురు పొర అల్లుకుని కూర్చుంటుంది, ఆ పొర దాటి యాంటీబయాటిక్ కూడా సరిగా చేరదు. పాలు పిండేశాక ఖాళీ పొదుగును రెండు చేతులతో తడిమి చూడండి. ఆరోగ్యమైనది మెత్తగా, రెండు వైపులా సమానంగా ఉంటుంది. లోపల గోళీల్లా గట్టి గడ్డలు తగిలినా, ఒక వైపు కుంచించుకుపోయినా ఆ గొర్రెను మందలో ఉంచుకోవద్దు. మనసొప్పకపోయినా, మిగతావాటికి అంటించేది అదే.

చడీచప్పుడు లేకుండా కణాలు పెంచేవాటిలో ఎక్కువభాగం ఆరియస్ కాని ఇతర స్టఫైలోకాకస్ రకాలే. ఏ క్రిమో తేల్చుకోవడానికి పాల నమూనా తీసేటప్పుడు మొదటి రెండు మూడు ధారలు వదిలేసి, చనుమొనను 70 శాతం ఆల్కహాల్ దూదితో తుడిచి, ఆరాక, గొట్టాన్ని ఏటవాలుగా పట్టి ఒక్కో వైపు పాలు విడివిడిగా పట్టండి. రెండు వైపులా కలిపితే జబ్బు ఎటువైపో తేలదు.

పాలు పితికే యంత్రాన్నీ చూడండి. గొర్రెలకు వాక్యూమ్ 34 నుంచి 38 కిలోపాస్కల్స్, నిమిషానికి 120 నుంచి 180 పల్సేషన్లు (కప్పు చన్నును నొక్కి వదిలే సార్లు) ఉండాలి. ఆవుల అమరికతో నడిపితే చనుమొన కొస గట్టిపడి, సరిగా మూసుకోక, క్రిమికి దారి ఇస్తుంది. వాక్యూమ్ ఆపకుండా కప్పులు లాగితే గాలి ఎగదన్ని పాల తుంపరలు చన్నులోకే తిరిగి దూసుకెళ్తాయి. తొలిచూలువాటిని ముందు, జబ్బువాటిని చివర పితకండి. పితికిన వెంటనే 0.5 శాతం అయోడిన్‌లో చన్నులు ముంచండి.

ప్రశ్న: టీకా వేసిన గొర్రె పాలు ఎన్నాళ్లు వాడకూడదు?

జవాబు: విమ్కోకు పాలకైనా మాంసానికైనా విరామ కాలం లేదు, సున్నా రోజులు. పాలు ఆపేసే సమయంలో పొదుగులోకి ఎక్కించే యాంటీబయాటిక్ ట్యూబులకు మాత్రం కచ్చితంగా విరామం ఉంటుంది. ఆ రెండింటినీ ఒకటే అనుకోవద్దు.

ప్రశ్న: ఆ ట్యూబులు వేశాక కొన్ని గొర్రెలు ఇంకా జబ్బుపడ్డాయి. ఎందుకు?

జవాబు: ట్యూబుతో పాటే మురికి లోపలికి వెళ్లి ఉంటుంది. శుభ్రత లోపిస్తే సూడోమోనాస్ అనే క్రిమి, ఆస్పర్‌జిల్లస్ అనే బూజు నేరుగా పొదుగులోకి చేరతాయి, వీటికి మందులు సరిగా లొంగవు. ఆల్కహాల్ దూదితో చనుమొనను దూది తెల్లగా వచ్చేదాకా తుడవండి. ట్యూబు ముక్కును పూర్తిగా దూర్చకుండా కొస వరకే, 2 నుంచి 4 మిల్లీమీటర్లు మాత్రమే పెట్టి మందు వత్తండి. ఒక్కో వైపుకు ఒక్కో కొత్త ట్యూబు వాడాలి. ఒకే ట్యూబును రెండు చన్నులకు సగం సగం వేశారంటే, డోసు సగమైపోవడమే కాకుండా ఒక వైపు జబ్బును మీ చేత్తోనే రెండో వైపుకు ఎక్కించినట్టవుతుంది.