టెనర్జీ జోలికి పోకు

చిరంజీవి చిన్నాకి,
పెదనాన్న ఆశీస్సులు.

నీ టేబుల్ టెన్నిస్ బ్యాట్‌కి రబ్బర్లు రెండూ కలిపి రెండున్నర వేలు దాటకూడదని రాశావు. దాటక్కర్లేదు. ఆ డబ్బుకి నీ ఆటకి సరిపడా మంచివే దొరుకుతాయి. కాకపోతే మీ కాలేజీ సీనియర్ల బ్యాట్లు చూసి మనసు పారేసుకోకు.

వాళ్ల దగ్గరున్న టెనర్జీ గొప్ప రబ్బరే, కాదనను. బటర్‌ఫ్లై కంపెనీ వాళ్లు 2008లో తెచ్చారు. లోపలి స్పాంజిలోంచే బంతి ఎగిరొస్తుంది, అదే దాని గొప్పతనం. నీకు చిక్కు కూడా అక్కడే. బంతిని ముందుకి తిప్పి కొట్టే నీ టాప్‌స్పిన్ ఇంకా కుదురుకోలేదు. చెయ్యి చెయ్యాల్సిన పని రబ్బరు చేసేస్తుంటే, బ్లాక్ చేసిన బంతి టేబుల్ దాటిపోతుంది, తప్పెక్కడుందో నీకు తెలియదు. పైగా రోజూ ఆడేవాడి చేతిలో ఆ రబ్బరు పట్టు కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది. మళ్లీ కొనే స్తోమత ఉండదు కాబట్టి చచ్చిపోయిన రబ్బరుతోనే ఏడాదంతా ఆడతావు. దానికన్నా 729 అనే చౌక రబ్బరు కొత్తది వెయ్యి రెట్లు నయం.

చౌకలో మంచివంటే చైనా రబ్బర్లే. టియాంజిన్ వాళ్ల 729, యిన్హే వాళ్ల మెర్క్యురీ 2, షాంఘైలోని డీహెచ్‌ఎస్ కంపెనీ వాళ్ల హరికేన్ 3 మన దగ్గర తేలిగ్గా దొరుకుతాయి. వీటిలో హరికేన్ పేరు వినగానే చైనా ఛాంపియన్ మా లాంగ్ గుర్తొస్తాడు, అక్కడే కుర్రాళ్లు బోల్తా పడతారు. చైనా జాతీయ జట్టు వాళ్లకిచ్చే హరికేన్ వేరు, కొట్లో మనకమ్మేది వేరు. స్పాంజే తేడా. మామూలు హరికేన్ గట్టిగా, జిగటగా ఉంటుంది. నడుము తిప్పి, కాలి బలంతో నిండుగా కొట్టేవాడికే అది స్పిన్ ఇస్తుంది. మణికట్టుతో ఆడేవాడికి చెక్కముక్కలా ఉంటుంది.

అంకెల తిరకాసు ఒకటుంది, ఇది బాగా గుర్తుపెట్టుకో. స్పాంజి గట్టిదనాన్ని డిగ్రీల్లో రాస్తారు. హరికేన్ మీద 39 అనీ, కొరియా వాళ్ల వేగా యూరప్ మీద 42.5 అనీ ఉంటుంది. అంకె చిన్నది కాబట్టి హరికేన్ మెత్తన అనుకుంటావు. నిజానికి పూర్తిగా తలకిందులు. చైనా వాళ్ల కొలత వేరు, వేగా మీద వేసే యూరప్ కొలత వేరు. ఆ 39 చేతిలో పట్టుకుంటే వేగా కంటే చాలా గట్టిగా ఉంటుంది. ప్యాకెట్ మీద స్పీడ్, స్పిన్ అని వేసే మార్కులూ అంతే, ఏ కంపెనీ మార్కులు ఆ కంపెనీవే. ఒకదానితో ఇంకోదాన్ని పోల్చకు.

నన్నడిగితే, ఫోర్‌హ్యాండ్‌కి 729 సూపర్ ఎఫ్‌ఎక్స్, బ్యాక్‌హ్యాండ్‌కి మెర్క్యురీ 2 మెత్తనిది తీసుకో. స్పాంజి మందం ఫోర్‌హ్యాండ్‌కి 2.0 మిల్లీమీటర్ల దగ్గర, బ్యాక్‌హ్యాండ్‌కి ఇంకాస్త పల్చన, 1.8 దొరికితే మంచిది. స్పాంజి పల్చనైతే బంతి చెప్పిన మాట వింటుంది. మీ నాన్న ఇంకో రెండు వేలు ఇస్తానంటే వేగా యూరప్ ఒక్కటి కొని బ్యాక్‌హ్యాండ్‌కి అతికించు. ఫోర్‌హ్యాండ్ సంగతి మాత్రం మార్చకు.

కొనేటప్పుడు రబ్బరు మీద ఐటీటీఎఫ్ (అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య) గుర్తు అచ్చయి ఉందో లేదో చూడు. అది లేకపోతే టోర్నమెంట్లలో అంపైర్ ఒప్పుకోకపోవచ్చు. ఒకవైపు నలుపు తప్పనిసరి. 2021 నుంచి రెండోవైపు ఎరుపే కాక నీలం, గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగులకీ అనుమతి ఉంది. ఆ సోకుకి ఎక్కువ పెట్టకు. కొట్లో ఏళ్ల తరబడి పడున్న సరుకైతే పైపొర మీద తెల్లటి మసక ఉంటుంది, అంచులు వంకర తిరుగుతాయి. అలాంటిది సగం ధరకిచ్చినా వద్దు.

అతికించడం నువ్వే నేర్చుకో, కొట్టువాడికి డబ్బులెందుకు? రబ్బర్లు అతికించే నీళ్ల గమ్ దొరుకుతుంది, స్పాంజికీ ప్లైకీ, అంటే బ్యాట్ చెక్కకీ, పల్చగా పుయ్యి. తెల్లగా ఉన్నది పూర్తిగా ఆరి, పారదర్శకంగా అయ్యేదాకా ఆగు. ఈ ఆగడం దగ్గరే అందరికీ తొందర. పిడి దగ్గర మొదలుపెట్టి, గాలి బుడగలు రాకుండా అప్పడాల కర్రతో పైకి దొర్లించు. అంచులు కొత్త బ్లేడుతో కొయ్యి. ఫెవికాల్ మాత్రం వద్దు, రేపు రబ్బరు ఊడదీస్తే చెక్క పెచ్చులు కూడా వస్తాయి. సైకిల్ పంక్చర్ సొల్యూషన్ కూడా వద్దు. మా రోజుల్లో అది పూస్తే బంతి తుపాకీ గుండులా వెళ్లేదనుకో, కానీ అలాంటి ఆవిరయ్యే రసాయనాలున్న గమ్‌లని 2008లోనే నిషేధించారు.

ఆట అయ్యాక తడి స్పాంజితో తుడిచి, ఆరాక ప్లాస్టిక్ పొర వేసి ఉంచు. మే నెలలో బండి డిక్కీలో పెట్టి క్లాసుకి పోయావంటే ఎంత ఖరీదైన రబ్బరైనా పాడవుతుంది. కొన్నాక ఆరు నెలలు ఇంకో రబ్బరు గురించి యూట్యూబ్‌లో చూడకు.

నీ ప్లై ఏదో రాయలేదు. పిడి పైన పేరుంటుంది, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. మామూలు అయిదు పొరల చెక్కయితే పైన రాసినట్టే కొనెయ్. కార్బన్ ఉన్నదైతే ఇప్పుడే డబ్బు కట్టకు, ముందు నాకు ఫోన్ చెయ్.

మీ
పెదనాన్న