జీతంలో పీఎఫ్ కోస్తున్నారు, పాస్‌బుక్‌లో పడటం లేదు: ఏం చేయాలి?

తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జిలో పనిచేస్తున్నానని, పేస్లిప్‌లో నెలనెలా పీఎఫ్ కోత కనబడుతున్నా కొన్నాళ్లుగా పాస్‌బుక్‌లో ఒక్క ఎంట్రీ కూడా లేదని, అడిగితే మేనేజర్ "ఆడిటర్ చూసుకుంటాడులే" అంటున్నాడని రాశావు. నేనూ ఈ ఊళ్లోనే ఒక లాడ్జిలో అకౌంట్స్ చూశాను తమ్ముడూ. అక్కడా ఇదే తంతు. ఆడిటర్ పేరు ఎత్తారంటే ఆ డబ్బు వేరే ఖర్చుకు పోయిందనే అనుకో.

ఇప్పుడే ఉద్యోగం మానేయకు, మేనేజర్‌తో గొడవకూ దిగకు. లోపల ఉన్నప్పుడు దొరికే కాగితాలు బయటికొచ్చాక దొరకవు. పేస్లిప్పులు, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్, డ్యూటీ చార్ట్ ఫొటోలు దాచుకో. జీతం చేతికిచ్చే చోట డ్యూటీ గురించి వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లు కూడా పనికొస్తాయి.

చాలామందికి తెలియని దారి ఒకటుంది. పీఎఫ్ వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ఈపీఎఫ్‌వో వెబ్‌సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఉంటుంది, దానికి నీ లాగిన్ అక్కర్లేదు. సంస్థ పేరు కొడితే ఏ నెలకు ఎంత కట్టారో తెలుస్తుంది. ఏ నెల డబ్బు ఆ తర్వాతి నెల 15లోపు కట్టాలి. మా లాడ్జిది తీసి చూస్తే ఆఫీసులో కూర్చునే మా పేర్లకే కట్టారు, అదీ మధ్యలో నెలలు ఎగ్గొట్టి. రూమ్ బాయ్‌ల పేర్లే లేవు. "వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు" అన్నారు. కాంట్రాక్టర్ కట్టకపోతే పని చేయించుకున్న లాడ్జే కట్టాలి, ఆ మాట చెప్పి తప్పించుకోలేరు. "మా దగ్గర 20 మంది లేరు" అనేది ఇంకో పాట, 20 మంది ఉంటేనే పీఎఫ్ చట్టం వర్తిస్తుందని వాళ్ల వాదన. ఒకసారి పీఎఫ్ కిందికి వచ్చిన సంస్థలో తర్వాత మనుషులు తగ్గినా కట్టాల్సిందే.

విషయం బయటపడగానే మా ఓనరు "మీ దగ్గర కోసింది క్యాష్‌గా ఇచ్చేస్తా, కంప్లైంట్ వద్దు" అన్నాడు. బ్రహ్మోత్సవాల ముందు కావడంతో చేతిలో డబ్బు పడితే చాలని కొందరు తీసుకున్నారు. నేను తీసుకోలేదు. ఎందుకో లెక్క చూడు. బేసిక్ 12,000 అయితే నీ జీతంలోంచి పోయేది 12 శాతం, అంటే 1,440. యజమాని కూడా అంతే వేయాలి. అందులోంచి బేసిక్ మీద 8.33 శాతం, దాదాపు 1,000 రూపాయలు, పెన్షన్ ఖాతాకు పోతుంది, మిగతాది పీఎఫ్‌లో పడుతుంది. క్యాష్ తీసుకుంటే నీ 1,440 నీకొస్తుంది, యజమాని వాటా ఆయనకే మిగులుతుంది. పైగా ఆ నెలలు పెన్షన్ సర్వీసులో కనబడవు. నెలవారీ పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి, తొమ్మిదేళ్ల దగ్గర ఆగిపోయినవాడి బాధ ఆలోచించు.

కంప్లైంట్ ఈపీఎఫ్‌వో గ్రీవెన్స్ పోర్టల్లో గానీ కేంద్ర ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో గానీ పెట్టు. "పీఎఫ్ పడటం లేదు" అని వదిలేయకు, ఏయే నెలలో ఎంత కోశారో రాసి పేస్లిప్పులు జతచెయ్యి. మా విషయంలో ఆఫీసర్ వచ్చి హాజరు పుస్తకం, జీతాల రిజిస్టర్ అడిగాకే కదలిక వచ్చింది. బకాయి విడతలుగా కట్టారు. ఆలస్యానికి వడ్డీ, జరిమానా యజమాని నెత్తినే, నీ జీతంలోంచి కోయకూడదు. జీతంలో కోసి కట్టకపోతే క్రిమినల్ కేసు కూడా అవుతుంది. ఈ సంగతి మేనేజర్లకు బాగా తెలుసు, మనకే తెలియదు.

ఒక్కడివే వెళ్లే కంటే నీలాంటివాళ్లు నలుగురు కలిసి పెట్టండి, ఒక్కడి మీదే కక్ష కట్టడం కష్టమవుతుంది. పేస్లిప్‌లో ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కోత కూడా ఉంటే అదీ కడుతున్నారో లేదో చూసుకో. పీఎఫ్ ఎగ్గొట్టేవాళ్లు దాన్నీ వదలరు, ఆ సంగతి ఎవరికైనా జబ్బు చేసి ఈఎస్‌ఐ ఆసుపత్రికి పోయినప్పుడే బయటపడుతుంది.

ప్రతి నెల 27న జిల్లాల్లో పీఎఫ్ వాళ్లు ఫిర్యాదులు వినడానికి "నిధి ఆప్‌కే నికట్" క్యాంపు పెడతారు. సెలవైతే మరుసటి పనిరోజు. ఎక్కడ పెడుతున్నారో ముందే కనుక్కుని, కాగితాల జిరాక్స్ తీసుకెళ్లు. ఒరిజినల్స్ మాత్రం ఎవరికీ ఇవ్వకు.