తలుపు ఎటు తెరుచుకుంటుంది

కన్నా,

నువ్వు ఉద్యోగం మానేసి సొంతంగా గేమ్ మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్ చేసింది. గొంతులో సగం ఏడుపు, సగం గొప్ప. నా పరిస్థితీ అదే. ఇరవై ఏళ్ళుగా గేములకు కథలు రాస్తున్నాను కానీ మన ఇంట్లో ఇంకొకరు ఈ రొంపిలోకి దిగుతారని అనుకోలేదు. నువ్వు పంపిన పది పేజీలు రెండుసార్లు చదివాను. పడవ బోల్తా పడి తమ్ముణ్ణి పోగొట్టుకున్న అమ్మాయి, ఆరేళ్ళ తర్వాత పడవ యజమాని మీద పగ. బాగానే ఉంది. బాగానే ఉంది అన్నానంటే బాగాలేదని నీకు తెలుసుగా.

తేలిక సంగతులు చెప్పేస్తాను. పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన అనుభవం తర్వాత మనసును వదలని గాయం, దాని గురించి నాలుగు మంచి వ్యాసాలు చదువు. గేమ్ మొదట్లో హెచ్చరిక పెట్టు, మునిగే సీను దాటేసే వీలు ఇవ్వు. చివర్లో ఎవరో కౌగిలించుకోగానే ఆ పిల్లకు అంతా నయమైపోయిందని మాత్రం రాయకు, ఊరుకోను.

ఇక నా తప్పు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

నా మొదటి గేములో హీరో అగ్నిమాపక దళం మనిషి. అపార్ట్‌మెంట్ మంటల్లో తమ్ముడు పోయాడు. నేను నాలుగు ఫ్లాష్‌బ్యాకులు రాశాను, ఒక్కోటి రెండు నిమిషాలు. తెర ఎర్రబడుతుంది, కేకలు వినిపిస్తాయి, హీరో మోకాళ్ళ మీద కూలబడతాడు. రాస్తూ నేనే ఏడ్చాను, అదే ప్రతిభ అనుకున్నాను. సీను అయిపోగానే కంట్రోలర్ ఆటగాడి చేతికి వచ్చేది. అప్పుడు మా హీరో ఏం చేసేవాడో తెలుసా? యాభై పాయింట్ల కోసం మంటల్లోకి దూకేవాడు. ఒక్కసారి కాదు, లెవెల్‌కి పదిసార్లు.

దాన్ని టెస్ట్ చేసిన వాళ్ళలో ఒకమ్మాయి ఉండేది, పెద్దగా మాట్లాడేది కాదు. మూడో ఫ్లాష్‌బ్యాక్ రాగానే స్కిప్ నొక్కేసింది. నాకు కోపం వచ్చింది. ఎందుకలా చేశావని అడిగాను. చిన్నప్పుడు తనూ అగ్నిప్రమాదంలోంచి బయటపడిందట. "నాకు మంటలు గుర్తురావు మేడమ్. ఏ గదిలోకి వెళ్ళినా ముందు తలుపు ఎటు తెరుచుకుంటుందో చూస్తాను. లోపలికి తెరుచుకునే తలుపైతే ఆ గదిలో పడుకోను. మీ వాడు ఎక్కడ పడితే అక్కడ నిద్రపోతున్నాడు" అంది.

మా గేములో సేవ్ చేయాలంటే మంచం మీద పడుకోవాలి, కన్నా. మంచాలు ప్రతి గదిలోనూ ఉన్నాయి. లోపలికి తెరుచుకునే తలుపున్న గదిలో హీరో పడుకోవడానికి ఒప్పుకోకపోతే చాలు, ఒక్క మాట లేకుండా ఆటగాడే మెల్లగా పసిగట్టేవాడు. తర్వాత తనే ప్రతి తలుపునూ చూడడం మొదలుపెట్టేవాడు. విడుదలకు ఇంకా మూడు వారాలుంది. మార్చాలని నేను గట్టిగా పట్టుబట్టలేదు. రాసిన నాలుగు సీన్ల మీద మమకారం. ఆ అమ్మాయికి కనీసం థ్యాంక్స్ కూడా చెప్పలేదు. ఇప్పటికీ హోటల్ గది తలుపు తీసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

అందుకే అడుగుతున్నాను, నీ కథలో అమ్మాయి దేన్ని తప్పించుకు తిరుగుతుంది? నీళ్ళు అనకు, అది అందరూ రాసేదే. లైఫ్ జాకెట్ రంగు చొక్కా వేసుకోదా? ఎవరైనా చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటుందా, ఆ రోజు జారిపోయింది తమ్ముడి చెయ్యేనా? అలాంటిది ఒక్కటి పట్టుకుని ఆటగాడు నొక్కే బటన్ మీదికి తీసుకురా.

పగ విషయానికొస్తే, తమ్ముడు పోవడం కారణం, కోరిక కాదు. ఆరేళ్ళు ఊరుకున్న మనిషి ఇవాళే ఎందుకు బయలుదేరింది? 2013లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్' చూడు. మొదట మనం ఆడేది హీరో జోయెల్ కూతురు సారాగా. ఆ పిల్ల పోతుంది, ఇరవై ఏళ్ళు గడుస్తాయి. జోయెల్ బయలుదేరేది కూతురి కోసం కాదు, తన తుపాకులు తిరిగి సంపాదించుకోవడానికి. పుట్టినరోజుకు ఆ పిల్ల ఇచ్చిన వాచీ పగిలిపోయినా చేతికే ఉంటుంది, దాని గురించి మాట్లాడడం అతనికి ఇష్టం ఉండదు. కోరిక చిన్నది, గాయం పెద్దది. మీ అమ్మాయికి కూడా సాయంత్రంలోగా చేతికి అందాల్సిన వస్తువు ఒకటి ఇవ్వు.

తెలియనివి అడగడానికి సిగ్గుపడకు. 2017లో వచ్చిన 'హెల్‌బ్లేడ్' గేములో హీరోయిన్‌కు లేని గొంతులు వినిపిస్తుంటాయి. దానికోసం ఆ గేమ్ చేసిన నింజా థియరీ వాళ్ళు కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ పాల్ ఫ్లెచర్ దగ్గరికీ, అలాంటి గొంతులు స్వయంగా విన్నవాళ్ళ దగ్గరికీ వెళ్ళారు. స్కిప్ నొక్కిన వాళ్ళ మీద నాలాగా కోప్పడలేదు.

ఇంకొకటి ఉంది, ఎలా రాయాలో తెలియక చివరికి ఉంచాను. నాలుగో పేజీలో ఆ అమ్మాయి పడవలో ఎడమవైపు కూర్చుంది, పాటలు వింటోంది, తమ్ముడు పిలిచినా వినలేదు అని రాశావు. ఆ రోజు కారులో నువ్వూ ఎడమవైపే కూర్చున్నావు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయని నాకు మాత్రమే చెప్పావు. మీ నాన్న పిలిచి ఉంటారేమో అని కూడా.

రాయొద్దని అనను. నేనైతే రాయకుండా ఉండలేకపోయేదాన్ని. కానీ పడవ మునిగే సీను ఒంటరిగా కూర్చుని రాయకు, రాత్రిపూట అసలే రాయకు. నువ్వు ఇదివరకు మాట్లాడుతూ వచ్చిన ఆ డాక్టరుకు ఈ పేజీల గురించి చెప్పు. డాక్టరుతో మాట్లాడడం మానేశావని మీ అమ్మ అంది, తిట్టాలనుకున్నాను, తిట్టలేకపోతున్నాను.

ఆదివారం వస్తున్నాను. ల్యాప్‌టాప్ ఛార్జ్ పెట్టి ఉంచు. ఆ సీను నువ్వు చెప్తూ ఉండు, నేను టైప్ చేస్తాను.

నీ
పిన్ని