గయా డేటాకి వెక్టర్ హార్మోనిక్స్: సమాకలనం వదిలేసి ఫిట్ చెయ్యండి

"గయా క్వేజార్ల సొంత చలనాలని వెక్టర్ స్ఫెరికల్ హార్మోనిక్స్‌తో విడగొడుతున్నా. సూత్రంలో ఉన్నట్టే సమాకలనం చేశా, గుణకాలు మాత్రం పొంతన లేకుండా వస్తున్నాయి" అని అడిగారు. కొత్తవాళ్ళకి ఓ మాట: గయా అంటే ఆకాశంలో వస్తువుల స్థానాలు కొలిచిన అంతరిక్ష టెలిస్కోపు. క్వేజార్లు చాలా దూరాన మెరిసే గెలాక్సీ కేంద్రాలు, సొంత చలనమంటే అవి ఆకాశంలో ఏడాదికి ఎంత జరిగినట్టు కనపడతాయో. వెక్టర్ స్ఫెరికల్ హార్మోనిక్స్ అంటే ఆకాశమంతా పరిచిన బాణాల నమూనాలు. డిగ్రీ పెరిగేకొద్దీ నమూనా సన్నబడుతుంది. డేటాలో ఒక్కో నమూనా ఎంతుందో చెప్పే సంఖ్యే గుణకం. డేటాని నమూనాతో గుణించి ఆకాశమంతా కూడటమే ఇక్కడ సమాకలనం. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నాకూ అచ్చం ఇదే జరిగింది. మూడు వారాలు పోయాయి.

ముందు పీఎంఆర్ఏ (pmra, తూర్పు-పడమర దిశలో సొంత చలనం) కాలమ్ చూసుకోండి. గయా ఇచ్చే ఆ విలువలో కాస్ డెల్టా (డెక్లినేషన్, అంటే ఆకాశంలో అక్షాంశం లాంటి కోణానికి కొసైన్) అప్పటికే కలిసి ఉంటుంది. నేను అది తెలియక మళ్ళీ గుణించాను. మ్యాప్ గీస్తే ధ్రువాల దగ్గర అడ్డంగా ఉండాల్సిన బాణాలు చీమల్లా చిక్కిపోయాయి. అనుమానమొచ్చి, ధ్రువాక్షం చుట్టూ వట్టి భ్రమణం మాత్రమే ఉన్న దొంగ డేటా తయారుచేసి ఇచ్చా. మొదటి డిగ్రీలోనే ఉండిపోవాల్సినది మూడో డిగ్రీలోకీ కారింది. అక్కడ దొరికింది తప్పు.

ఇక సమాకలనం సంగతి. ఈ ఫంక్షన్లు ఒకదానికొకటి లంబంగా ఉండేది ఆకాశమంతా సమంగా నిండినప్పుడే. పాలపుంత తలం వెంబడి ధూళి అడ్డొచ్చి క్వేజార్లు దాదాపు కనపడవు, నడుమ ఖాళీ పట్టీ మిగిలిపోతుంది. ఆ ఖాళీ వల్లే ఒక గుణకం ఇంకోదాంట్లో కలుస్తుంది. కాబట్టి అన్ని గుణకాలనీ ఒకేసారి లీస్ట్ స్క్వేర్స్‌తో (తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా) ఫిట్ చెయ్యండి. కొలతలకి దోషాల్ని బట్టి బరువులు వేసేటప్పుడు తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణ చలనాల దోషాల మధ్య కోరిలేషన్ (పరస్పర సంబంధం) కూడా కలపాలి, చాలామంది వదిలేస్తారు.

మొదటి డిగ్రీలో ఆరే గుణకాలు: మూడు భ్రమణానివి, మూడు గ్లైడ్‌వి. భ్రమణమంటే బొంగరానికి చుట్టిన తాడులా అడ్డంగా తిరిగే బాణాలు. గ్లైడ్ అంటే గుమ్మడికాయ మీది గాడుల్లా ఒక కొన నుంచి అవతలి కొనకి పారేవి. 2020 డిసెంబరులో గయా బృందం 12 లక్షలకు పైగా క్వేజార్లతో పట్టింది ఈ గ్లైడ్‌నే: ఏడాదికి 5.05 మైక్రో ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకన్ అనే చిన్న కోణంలో పదిలక్షో వంతులు), 0.35 అటూ ఇటూ. బాణాలు పోయేది గెలాక్సీ కేంద్రం వైపు. అంత దూరాన క్వేజార్లు తమంతట తాము అలా జరిగినట్టు కనపడవు, కాబట్టి అది సౌరకుటుంబం త్వరణం. ఒక్కో క్వేజార్ కొలతలో దోషం దీనికి పదుల రెట్లు. అందుకే విడిగా ఏ ఒక్క బాణాన్నీ నమ్మకండి.

మొదటి డిగ్రీతో ఆపేస్తే పై డిగ్రీల ప్రభావం దాంట్లోకి దిగుతుంది. ఐదో డిగ్రీ దాకా వెళ్ళినా 70 గుణకాలే, ల్యాప్‌టాప్‌కి అదో లెక్క కాదు. డిగ్రీ పెంచుతూ గ్లైడ్ ఎంత ఊగుతోందో చూడండి. కాస్ డెల్టా సరిచేశాక మూడో డిగ్రీ ఎంతొచ్చిందో ఇక్కడే రాయండి, చూస్తాను.